పాడేరు చలికి లేవని ల్యాప్‌టాప్: ద్వారకానగర్ బెంచీ మీద తేలిన కేసు

యంత్రం 14 అంగుళాల ఆఫీసు తరగతి ల్యాప్‌టాప్. 8వ తరం ఇంటెల్ కోర్ ఐ5 యూ-శ్రేణి ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే స్టిక్కు, 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, లోపల బిగించిన మూడు సెల్లుల బ్యాటరీ, 19.5 వోల్టుల 65 వాట్ల అడాప్టరు. వాడేది పాడేరు దగ్గరి ఒక ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు. నవంబరు నుంచి పొద్దున్నే ఆన్ అవ్వదు. ఎండలో అరగంట పెడితే అవుతుంది. ఒకసారి ఆన్ అయ్యాక రాత్రి దాకా ఎన్నిసార్లు ఆపి వేసినా ఇబ్బంది లేదు. విశాఖ ద్వారకానగర్‌లోని మా రిపేరు బెంచీ దగ్గరకు తెస్తే అసలు జబ్బే కనిపించదు.

ఆన్ అవ్వనప్పుడు ఏం కనిపిస్తుందో మొదట రాసుకున్నాం. అడాప్టరు పెడితే ఛార్జింగ్ లైటు వెలుగుతుంది. పవర్ బటన్ నొక్కితే పవర్ లైటు వెలగదు, ఫ్యాన్ కదలదు. బీప్ లేదు, తెర మీద వెలుగు లేదు. ఫ్యాన్ ఒక్కసారి తిరిగి ఆగిపోవడం వేరు, అసలు కదలకపోవడం వేరు. మొదటిది సాధారణంగా ఏదో ఒక సప్లై లైను లోడు మోయలేక పడిపోవడం. రెండోది బోర్డు లేవమన్న మాటే వినకపోవడం. ఈ తేడా రాసుకోకుండా బోర్డు విప్పితే సగం రోజు తప్పు చోట పోతుంది.

ఇంతకు ముందు ఒకచోట ప్రాసెసర్‌కు బీజీఏ రీబాల్ (చిప్ ఊడదీసి, అడుగున ఉన్న టంకం గుండ్లు కొత్తవి వేసి మళ్లీ అతికించడం) చెయ్యాలని చెప్పారట. చలికి ఆగి, వేడికి లేచే ప్రతి బోర్డుకూ మన రంగంలో చాలామంది ఇచ్చే తీర్పు ఇదే. టంకం పగిలింది, చలికి ముడుచుకుని విడిపోతోంది, వేడికి అతుక్కుంటోంది అనే వాదన వినడానికి బాగుంటుంది, కొన్ని బోర్డుల్లో నిజం కూడా. కానీ యూ-శ్రేణిలో ప్రాసెసరు, పీసీహెచ్ (బోర్డు మిగతా భాగాలను నడిపించే ఇంటెల్ చిప్) రెండూ ఒకే ప్యాకేజీ మీద ఉంటాయి. దాన్ని ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టడంలో బోర్డు మొత్తానికే ప్రాణాపాయం. రుజువు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు.

చలి అనే ఒక్క మాటలో మూడు విషయాలు

పొద్దున్నే ఆన్ అవ్వలేదంటే రాత్రంతా మూడు జరిగాయి. యంత్రం చల్లబడింది. ఎనిమిది పది గంటలు ఆఫ్‌లో ఉంది. తేమలో తడిసింది. పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగడం మామూలే, లంబసింగి వైపు ఇంకా తక్కువ. దాంతో పాటే పొగమంచు. కిటికీ పక్క బల్ల మీద పెట్టిన యంత్రానికి ఈ మూడూ ఒకేసారి తగులుతాయి. ఎండలో పెడితే చలి, తేమ రెండూ ఒకేసారి పోతాయి. అందుకే వాడేవారికి అది చలి జబ్బుగానే కనిపిస్తుంది. మూడింటినీ విడదీయడమే ఈ కేసులో అసలు పని.

మాటల మధ్యలో ఆయన చెప్పిన ఒక సంగతి బెంచీ మీద పెట్టకముందే దారి చూపించింది: "ఆగస్టులో ముసురు పట్టినప్పుడు కూడా రెండుసార్లు ఇలాగే అయిందండీ, కానీ అప్పుడు చలేం లేదు."

రెండో సూచన గడియారం. యంత్రం లేచిన రోజుల్లో టైము తప్పు చూపిస్తోందా అని అడిగితే, నెట్ కలిసేదాకా తప్పే చూపిస్తుందని, పొద్దున్న ఎనిమిదింటికి ఆన్ చేస్తే అర్ధరాత్రి రెండు గంటలని చూపిస్తుందని చెప్పారు. ఎవరైనా సీమాస్ సెల్ (యంత్రం ఆఫ్‌లో ఉన్నా గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) పోయిందనే అంటారు. కానీ సెల్ పోతే గడియారం వెనకబడదు, చెరిగిపోతుంది. తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి, బయోస్‌లో పెట్టిన మొదటి తేదీకి వెళ్లిపోతుంది. ఇక్కడ తేదీ సరిగ్గానే ఉంది, కొన్ని గంటలు మాత్రం తగ్గాయి. అంటే కరెంటు అందుతూనే ఉంది, లెక్క నిలిచే ఉంది, లెక్కపెట్టే గుండె మాత్రం రాత్రి ఎక్కడో ఆగి, పొద్దున్న వెచ్చబడ్డాక మళ్లీ మొదలైంది.

ఆ గుండె 32.768 కిలోహెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టల్. చలికి అది కాస్త నెమ్మదించడం సహజమే, ఎంతో లెక్క కట్టొచ్చు. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది. అక్కడి నుంచి ఎంత దూరం జరిగితే ఆ తేడా వర్గానికి 0.034 పీపీఎం (పది లక్షల్లో వంతు) చొప్పున తగ్గుతుంది. 5 డిగ్రీల దగ్గర తేడా 20, దాని వర్గం 400, తగ్గుదల 13.6 పీపీఎం. రోజుకు 1.2 సెకన్లు. రాత్రంతా గడ్డకట్టే చలిలో ఉంచినా సెకను రెండు సెకన్లు పోతాయి కానీ ఆరు గంటలు పోవు. ఆరు గంటలు పోయాయంటే క్రిస్టల్ ఆగిపోయినట్టే.

దీనికి యంత్రంలోనే రాతపూర్వక సాక్ష్యం ఉంటుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నల్-జనరల్ మూలం నుంచి వచ్చిన ఈవెంట్ 1 వరకు వడకడితే, గడియారం ఎప్పుడు ఏ టైము నుంచి ఏ టైముకు మారిందో వరుసగా కనిపిస్తుంది. మామూలు యంత్రంలో ఆ మార్పులు సెకను లోపు, మహా అయితే రెండు మూడు సెకన్లు. ఈ లాగ్‌లో గంటల జంపులు 23 ఉన్నాయి. నవంబరు, డిసెంబరుల్లో 21, ఆగస్టులో 2. అతి చిన్నది 2 గంటల 50 నిమిషాలు, అతి పెద్దది 9 గంటల 5 నిమిషాలు. ఎండాకాలంలో ఒక్కటీ లేదు. ఆగస్టులో కూడా ఉండటంతో అనుమానం చలి మీద నుంచి తేమ మీదకు మళ్లింది.

ఒక జాగ్రత్త. గడియారం 15 గంటలకు మించి వెనకబడితే విండోస్ మామూలు సెట్టింగుల్లో తనంతట తాను సరిచెయ్యదు. శని, ఆదివారాలు పక్కన పడేసిన యంత్రంలో జంపు కనపడకపోతే గడియారం బాగుందని అనుకోకూడదు. చేత్తో టైము సరిచేశారేమో అడగాలి.

గడియారం ఆగితే యంత్రం ఎందుకు లేవదు

ఈ క్రిస్టల్ టైము చూపించడానికే అనుకునేవాళ్లు చాలామంది. ఇంటెల్ బోర్డుల్లో పీసీహెచ్ నిద్ర లేచే క్రమమంతా ఈ లయ మీదే నడుస్తుంది. అడాప్టరు పెట్టగానే 3.3, 5 వోల్టుల స్టాండ్‌బై లైన్లు వస్తాయి, ఈసీ (బటన్, ఛార్జింగ్ చూసుకునే చిన్న కంట్రోలరు చిప్) లేస్తుంది, ఛార్జింగ్ లైటు వెలుగుతుంది. బటన్ నొక్కితే ఈసీ ఆ కబురు పీసీహెచ్‌కు పంపుతుంది. పీసీహెచ్ ఎస్‌ఎల్‌పీ-ఎస్4, ఎస్‌ఎల్‌పీ-ఎస్3 అనే అనుమతి సంకేతాల గీతలను పైకి లేపితేనే ర్యామ్ 1.2 వోల్టులు, ఆ తర్వాత ప్రాసెసర్ వోల్టేజీలు వస్తాయి. క్రిస్టల్ ఆడకపోతే పీసీహెచ్ ఆ గీతలను కదపదు. ఛార్జింగ్ లైటు ఉండి పవర్ లైటు లేకపోవడం సరిగ్గా ఈ మెట్టు దగ్గర ఆగినట్టే.

కొలతలో ఒక ఉచ్చు ఉంది. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను నేరుగా క్రిస్టల్ కాలి మీద పెట్టకూడదు. 10ఎక్స్ ప్రోబ్‌కే 10 నుంచి 15 పికోఫారడ్ కెపాసిటెన్స్, 10 మెగాఓముల నిరోధం ఉంటాయి. ఈ సర్క్యూట్‌లో వాడే లోడ్ కెపాసిటర్లే 15, 18 పికోఫారడ్లు. ప్రోబ్ తగలగానే ఆడుతున్న క్రిస్టల్ ఆగిపోవచ్చు, ఆగినది ఆ కుదుపుకు మొదలవ్వచ్చు. రెండూ తప్పు తీర్పుకే దారి. పీసీహెచ్ బయటకు పంపే సస్‌క్లాక్ (ఇదే క్రిస్టల్ లయకు నకలు సంకేతం) దగ్గర చూడాలి. ఎం.2 వైఫై స్లాటు ఇ-కీ అయితే 50వ పిన్, ఎస్‌ఎస్‌డీ స్లాటు ఎం-కీ అయితే 68వ పిన్ దీనికి కేటాయించినవి. కొన్ని బోర్డుల్లో ఆ పిన్ దాకా ట్రాక్ వెయ్యరు, బోర్డు బాగున్నప్పుడే ఒకసారి చూసి ఖాయం చేసుకోవాలి. ఇక్కడ వైఫై కార్డు తీసి 50వ పిన్ మీద చూస్తే, 27 డిగ్రీల గదిలో 32.768 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం శుభ్రంగా వచ్చింది.

సంచీలో పరీక్ష

బోర్డును చల్లబరచాలి. కానీ విశాఖలో ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ వస్తువైనా నిమిషంలో చెమటలు పడుతుంది. ఆ రోజు బెంచీ దగ్గర 26 డిగ్రీలు, తేమ 68 శాతం, అంటే దాదాపు 20 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది. వేసవిలో ఇది ఇంకా ఘోరం: 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే 25 డిగ్రీల వస్తువు కూడా తడుస్తుంది. ఏసీ గదిలో 22కి చల్లబడిన ల్యాప్‌టాప్ వరండాలోకి తెస్తే తడవడం ఇందుకే. ఫ్రీజ్ స్ప్రే కొట్టి ఆగిందంటే చలికి ఆగిందో, దాని మీద పేరుకున్న మంచుకు ఆగిందో చెప్పలేం. ఈ రకం కేసులో ఆ డబ్బా పక్కన పెట్టేయాలి.

అందుకని బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ, డిస్‌ప్లే కేబుల్ అన్నీ తీసేసి, ర్యామ్, హీట్‌సింక్ ఉన్న ఒట్టి బోర్డును మందపాటి జిప్ కవర్‌లో పెట్టాం. లోపల 50 గ్రాముల సిలికా జెల్, చిన్న డిజిటల్ తేమ మీటరు, క్రిస్టల్ పక్కన కాప్టన్ టేపుతో అంటించిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ). బయటకు 19.5 వోల్టుల తీగలు, పవర్ బటన్ ప్యాడ్ల నుంచి రెండు తీగలు, సస్‌క్లాక్‌కు సన్నని కోయాక్స్. తీగలు వచ్చే మూలను ఎంసీల్‌తో మూసేశాం. బెంచ్ సప్లై కరెంటు లిమిట్ 2 ఆంపియర్లు. ఆఫ్‌లో 0.02 ఆంపియర్, సరిగ్గా లేస్తే 0.6 నుంచి 1.2 ఆంపియర్ల మధ్య ఊగుతుంది, కాబట్టి తెర లేకపోయినా లేచిందో లేదో తెలుస్తుంది.

మొదట ఆఫ్ సమయం. 27 డిగ్రీల గదిలో, కరెంటు తీసేసి 14 గంటలు ఉంచి ఆన్ చేస్తే మొదటి నొక్కుకే లేచింది. ఆఫ్‌లో ఉండటం తప్పు కాదని తేలింది.

తర్వాత పొడి చలి. కవర్‌లో తేమ 15 శాతానికి దిగాక ఫ్రిజ్ కింది అరలో మూడు గంటలు. క్రిస్టల్ దగ్గర 6 డిగ్రీలు. కరెంటు ఇచ్చి పది నిమిషాల తేడాతో ఐదుసార్లు చూస్తే ఐదుసార్లూ లేచింది. సస్‌క్లాక్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ ఒక్క ఫలితంతో రీబాల్ వాదన వీగిపోయింది. పగిలిన టంకానికి పొడి చలి, తడి చలి తేడా తెలియదు, 6 డిగ్రీలకు బోర్డు ముడుచుకున్నప్పుడే విడిపోవాలి.

చివరిగా తడి చలి. అదే బోర్డు 7 డిగ్రీల దగ్గర ఉండగా కవర్ నోరు 20 సెకన్లు తెరిచి మూసేశాం. బోర్డు మీద పలుచని ఆవిరి పొర కనిపించింది. 40 సెకన్లలో సస్‌క్లాక్ గీత చదునైపోయింది. బటన్ నొక్కితే కరెంటు 0.02 దగ్గరే ఉండిపోయింది. ఎస్‌ఎల్‌పీ-ఎస్4 సున్నా. పాడేరులో పొద్దున్న కనిపించే జబ్బు ద్వారకానగర్‌లో కళ్ల ముందు కనిపించింది.

ఇలా తడిసిన బోర్డుకు కరెంటు ఎక్కువసేపు ఉంచకూడదు. చూడాల్సింది చూసి వెంటనే సప్లై తీసేయాలి. తర్వాత కొత్త సిలికా జెల్ వేసి, మూసిన కవర్‌లోనే గంటన్నర గది వేడికి రానివ్వాలి.

ఎక్కడ తడి, ఎందుకు అక్కడే

చోటు పట్టడానికి కూల్‌డ్రింక్ స్ట్రా చాలు. ఏసీలో 20 డిగ్రీలకు బోర్డును ఉంచి, స్ట్రాతో నోటి ఆవిరిని ఒక్కో చోట మూడు సెకన్లు ఊదాలి. ఛార్జర్ ఐసీ, 3.3 వోల్టుల రెగ్యులేటర్, ఈసీ, బయోస్ చిప్ దగ్గర ఊదితే ఏమీ కాలేదు. క్రిస్టల్ మీద ఊదగానే సస్‌క్లాక్ ఆగింది, 50 సెకన్లకు ఆరి మళ్లీ మొదలైంది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అదే. పొడి గాలి ఊదే రబ్బరు బల్బుతో అదే చోట ఊదితే ఆగలేదు. ఈ సరిచూపు లేకపోతే గాలి ఒత్తిడికి ఏదో కదిలిందేమో అనే సందేహం మిగిలిపోతుంది.

భూతద్దం కింద చూస్తే క్రిస్టల్ రెండు కాళ్ల మధ్య, 10 మెగాఓముల రెసిస్టర్ పక్కన బూడిద రంగు పొర. అడిగితే ఏడాది కిందట టీ ఒలికిందని, అప్పుడు ఒకచోట బోర్డు కడిగించారని తెలిసింది. ఈ సర్క్యూట్‌లో నడిచే కరెంటు ఎంత తక్కువో తెలిస్తే ఆ పొర ఎంత చెడ్డదో అర్థమవుతుంది. సీమాస్ సెల్ నుంచి గడియారం మొత్తం తీసుకునేదే కొన్ని మైక్రోఆంపియర్లు. 220 మిల్లీఆంపియర్-అవర్ల సీఆర్2032 సెల్ 5 మైక్రోఆంపియర్ల చొప్పున ఐదేళ్లు నడుస్తుంది. అందులో క్రిస్టల్ వాటా ఇంకా తక్కువ. క్రిస్టల్‌ను ఊగించే ఆంప్లిఫయర్‌ను సరైన బిందువు దగ్గర నిలబెట్టేది 10 మెగాఓముల రెసిస్టర్. దాని పక్కనే ఉప్పు, ఫ్లక్స్ మిగులు తేమ పీల్చి రెండు మెగాఓముల దారి వేస్తే ఆ నిలకడ పోతుంది, ఊగడం ఆగిపోతుంది. ఇదే మురికి 5 వోల్టుల లైను మీద ఉంటే ఏళ్ల తరబడి ఎవరికీ తెలిసేది కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో సగం కడిగి వదిలేసిన బోర్డుల్లో మొదట చెడేది ఇలాంటి చోట్లే.

క్రిస్టల్, 10 మెగాఓముల రెసిస్టర్ ఊడదీసి, తేమ పట్టించి ప్యాడ్ల మధ్య కొలిస్తే 1.8 మెగాఓములు. 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), మెత్తని బ్రష్‌తో మూడుసార్లు కడిగి, ప్రతిసారీ తుడిచే గుడ్డ మార్చి, 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టాక అదే తేమలో మీటరు ఓఎల్ (కొలవలేనంత ఎక్కువ నిరోధం) చూపించింది. ఐపీఏ పోసి ఆరనిస్తే మురికి కరిగి పక్కకు జరిగి మళ్లీ పేరుకుంటుంది. కరిగినదాన్ని తుడిచి తీసేయడమే కడగడం.

పాత క్రిస్టల్‌నే తిరిగి పెట్టి తడి చలి పరీక్ష మళ్లీ చేశాం. 12 డిగ్రీల దగ్గర బాగానే ఉంది. 5 డిగ్రీల దగ్గర ఐదింటిలో ఒకసారి ఆగింది. ఇక్కడ పని అయిపోయిందని తిరిగి ఇచ్చేస్తే జనవరిలో యంత్రం మళ్లీ ఘాట్ దిగి వచ్చేది. క్రిస్టల్‌కు వరుసగా 100 కిలోఓముల రెసిస్టర్ కలిపి చూస్తే పాతది మొదలవ్వలేదు, కొత్తది మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్‌కు క్రిస్టల్ సొంత నిరోధానికి ఐదు రెట్ల దాకా అదనంగా మోసే శక్తి ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. పాతది బలహీనపడింది. టీ ఒలికినప్పుడు బోర్డును అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగారట. ఆ తొట్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్‌వి. లోపల ట్యూనింగ్ ఫోర్క్ ఆకారంలో సన్నని క్వార్ట్జ్ ఉన్న ఈ క్రిస్టల్‌కు దగ్గరి పౌనఃపున్యంలో ఆ కుదుపు హాని చేస్తుంది. తొట్టిలో వెయ్యక తప్పకపోతే క్రిస్టల్ ముందే తీసేయాలి, లేదా కడిగాక కొత్తది వెయ్యాలి. అది పదుల రూపాయల పని.

వేసిన భాగాలు

32.768 కిలోహెర్ట్జ్, 3.2 బై 1.5 మిల్లీమీటర్ల ఎస్‌ఎమ్‌డీ క్రిస్టల్, లోడ్ కెపాసిటెన్స్ 12.5 పికోఫారడ్లు, నిరోధం 70 కిలోఓములకు మించనిది. లోడ్ కెపాసిటెన్స్ చూడకుండా దొరికింది వేస్తే యంత్రం లేస్తుంది కానీ గడియారం రోజూ సెకన్ల చొప్పున తప్పుతుంది. రెండు కెపాసిటర్లు 18 పికోఫారడ్, 0402 సైజు, సీ0జీ రకం. ఎక్స్7ఆర్ వద్దు, వేడి చలికి విలువ మారుతుంది. 10 మెగాఓముల రెసిస్టర్ కొత్తది. సెల్ 2.71 వోల్టులకు దిగింది కాబట్టి అదీ మార్చాం, జబ్బుకు అది కారణం కాకపోయినా.

ఐరన్ బిట్ 320 డిగ్రీలు, ఒక్కో ప్యాడ్ మీద మూడు సెకన్లకు మించకుండా. హాట్ ఎయిర్‌తో ఎక్కువసేపు కాలిస్తే కొత్త క్రిస్టల్ కూడా పాతదానిలాగే బలహీనపడుతుంది. నో-క్లీన్ ఫ్లక్స్ అని పేరున్నా ఈ చోట కడగాల్సిందే, పూర్తిగా కాలని ఫ్లక్స్ తేమ పీలుస్తుంది. కడిగి, ఆరబెట్టి, మీటరుతో చూసిన తర్వాతే ఆక్రిలిక్ కోటింగ్ సన్నని బ్రష్‌తో ఆ వేలి గోరంత చోట ఒక్క పూత. మురికి మీద కోటింగ్ వేస్తే తేమను లోపల బంధించినట్టే.

తర్వాత 5 డిగ్రీల తడి చలిలో పదిసార్లు, స్ట్రా ఆవిరితో పదిసార్లు చూస్తే ఒక్కసారీ ఆగలేదు. కోటింగ్ వల్ల కొద్దిగా కెపాసిటెన్స్ పెరుగుతుంది కాబట్టి నెట్ లేకుండా 24 గంటలు గడియారం నడిపి చూశాం. తేడా సెకను లోపే.

యంత్రంతో పాటు చెప్పి పంపినవి మూడు. రాత్రిపూట కిటికీ పక్కన కాకుండా జిప్ ఉన్న సంచీలో, 100 గ్రాముల సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. జెల్ నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారితే మందపాటి మూకుడులో సన్నని సెగ మీద రంగు తిరిగి వచ్చేదాకా వేడి చెయ్యాలి. చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు సంచీ విప్పకుండా అరగంట ఆగాలి. నెగడు దగ్గర వేడి చెయ్యకూడదు, పైన వేడెక్కి లోపల చల్లగా ఉన్న బోర్డు మీద పొగ, ఆవిరి కలిసి పేరుకుంటాయి.

ఫిబ్రవరి మొదటి వారంలో అదే లాగ్ మళ్లీ తెప్పించి చూశాం. జనవరి నెలంతటిలో గడియారం మార్పుల్లో అతి పెద్దది 1.4 సెకన్లు.